మూడడుగులు ముందుగా

సాయంత్రం నాలుగున్నరకి షెడ్డు కూత వేసేది. ఆ కూత విన్న పావుగంటలో జయరామయ్య చేతుల మసి కడుక్కుని, రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక ఉన్న బాల్ బ్యాడ్మింటన్ కోర్టుకి చేరేవాడు. రెండు బిందెల నీళ్ళు చల్లి, రాతి రోలరు ఈడ్చి, చెరిగిన గీతలు సున్నంతో మళ్ళీ గీసేవాడు. కుడి మోకాలు సరిగా వంగదు గనక ఆ కాలు పక్కకి చాపుకుని కూర్చుని గీసేవాడు. గీతలు ఆరేలోపల ఆడపిల్లలు బ్యాట్లు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. అందరికంటే చివర ప్రేమలీల వచ్చేది. ముందు ఆమె అడుగులు వచ్చేవి. వాటి వెనక ఆమె వచ్చేది.

ఉప్పలగుంట చిన్న ఊరు. బిట్రగుంటలో పెద్ద లైను వదిలి సముద్రం వైపు ఉప్పు కొటార్లకి పోయే చిన్న లైను అక్కడితో అయిపోతుంది. నాలుగు ఇంజన్లు నిలిపే షెడ్డు, నలభై క్వార్టర్లు, ఒక ఇన్‌స్టిట్యూట్, ఒక ప్రార్థన మందిరం. ప్రేమలీల అక్కడే పుట్టింది. ఇంజను డ్రైవరు క్రీస్తుదాసుకి ఒక్కతే కూతురు. నడక నేర్చిన రోజు నుంచీ ఆ పిల్ల అడుగుల ముద్రలు నేల మీద మూడడుగులు ముందుగా పడేవి. ఆ తర్వాత ఆమె కాళ్ళు పోయి వాటిల్లో సరిగ్గా కూర్చునేవి. కాన్వాసు బూట్లు వేసుకున్నా ముద్ర మాత్రం ఉత్త పాదానిదే పడేది, బొటనవేలి కంటే పక్కవేలు పొడుగ్గా.

దాని గురించి ఊళ్ళో ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. గడపలో ముద్ర పడగానే తల్లి ఎలిశబెతు పళ్ళెం కడిగి పెట్టేది. రోడ్డుకి అడ్డంగా ముద్రలు పడితే సైకిళ్ళ వాళ్ళు బ్రేకు వేసి, పిల్ల దాటిందాకా ఆగి పొయ్యేవాళ్ళు. ముందటేడు ఒంగోలు నుంచి పెళ్ళిచూపులకి వచ్చినారు. ప్రేమలీల కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడే ఉంది. ముద్రలు మాత్రం ఆమె ముందు నుంచి వెనక్కి తిరిగి, పెరటి గడప దాటి, కోళ్ళ గూడు వైపు పోయినాయి. పెళ్ళికొడుకు తల్లి ఆ ముద్రల్ని చూసింది, కాఫీ తాగింది, ఈ ఏడు వానలు తక్కువన్నది, లేచింది. తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇబ్బంది ఆటలోనే వచ్చింది. బాల్ బ్యాడ్మింటన్‌లో జట్టుకి ఐదుగురు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో ఒక్కరు. ఆ మధ్య మనిషి నాలుగు దిక్కులా పరిగెత్తాలి. ప్రేమలీల చెయ్యి మంచిది. ఆమె కొట్టిన ఊలు బంతి నెట్టు మీద వేలెడు ఎత్తున పోయి అవతల నేలకి అతుక్కున్నట్టు పడేది. అందుకే ఆమెని మధ్యలో నిలబెట్టినారు. కానీ నెల్లూరు పోటీల్లో అవతలి జట్టు వాళ్ళు రెండో ఆటకల్లా సంగతి కనిపెట్టినారు. వాళ్ళు ఆమె కళ్ళు చూడలేదు, బ్యాటు చూడలేదు, నేల చూసినారు. ముద్ర కుడికి పడితే బంతిని ఎడమకి వేసినారు. ముద్ర వెనక్కి పడితే నెట్టు దగ్గర జారవిడిచినారు. ఇరవై తొమ్మిదికి పదకొండుతో ఉప్పలగుంట ఓడిపోయింది. ఆ తర్వాత ప్రేమలీల కోర్టులో కదలడమే మానుకుంది. నిలబడ్డచోటే నిలబడి, అందిన బంతి కొట్టేది, అందనిది వదిలేసేది.

"ఇంక నేను రాను మాష్టారూ. నా చోటు వేరేవాళ్ళకి ఇవ్వండి," అన్నది ఒక సాయంత్రం బ్యాటు బల్ల మీద పెట్టి.

జయరామయ్య ఆ బ్యాటు తీసి తన సంచిలో పెట్టుకున్నాడు. మరునాడు షెడ్డులో క్రీస్తుదాసు ఆయన్ని పక్కకి పిలిచినాడు.

"జయరామయ్యా, మార్చి నెలాఖరుకి నేను రిటైరై దిగిపోతా ఉండా," అన్నాడు. "పద్దెనిమిదో ఏట ఈ రైల్వేలో చేరినా. సొంతిల్లు లేదు, సెంటు నేల లేదు. క్వార్టరు ఖాళీ చేస్తే యాడికి పోవాల్నో తెలవదు. ఆటలాడే ఆడపిల్లల్ని ఇద్దర్ని గుమాస్తాలుగా తీసుకుంటారంట ఈ ఏడు. డిసెంబరులో నెల్లూరులో చూస్తారంట. పిల్లకి ఈ ఊళ్ళోనే ఉద్యోగమొస్తే ఈ క్వార్టరే దాని పేరు మీదికి మారుద్ది. నువ్వు కాస్త దాని కాళ్ళ సంగతి చూడు."

"చూస్తాలే," అన్నాడు జయరామయ్య.

కాళ్ళ సంగతి ఆయనకి బాగా తెలుసు. పధ్నాలుగేళ్ళ కింద ఆయన కూడా మధ్య మనిషే. ఆ చుట్టుపక్కల అంత చురుగ్గా కదిలేవాడు లేడని పేరు. ఒక ఫైనల్లో బంతి కుడికి వస్తుందని ముందే అనుకుని కుడికి ఒరిగినాడు. బంతి ఎడమకి వచ్చింది. ఒళ్ళు ఎడమకి తిరిగింది గానీ కుడికాలు నేలలో నాటుకున్నట్టు ఉండిపోయింది. మోకాల్లోంచి పచ్చికట్టె విరిగిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ బ్యాటు పట్టింది లేదు. పిల్లలకి నేర్పడం మొదలుపెట్టినాడు.

సెప్టెంబరు నుంచి ప్రేమలీలకి బ్యాటు ఇవ్వలేదు. కోర్టు మధ్యలో చాటంత గుండ్రం సున్నంతో గీసినాడు. "ఇది నీ ఇల్లు. బంతి కోసం యాడికి పోయినా మళ్ళీ ఇందులోకి రావాల. రెండు కాళ్ళూ భుజాలంత ఎడం పెట్టు. మోకాళ్ళు కాస్త వదులు చెయ్యి. ముందు చిన్న అడుగులు, బంతి కాడ ఒక్కటే పెద్ద అడుగు. వెనక్కి వచ్చేటప్పుడు వీపు తిప్పబాక," అన్నాడు. బంతి చేత్తో విసురుతూ ఆరు మూలలకీ తిప్పినాడు. బూట్లు వద్దన్నాడు. పిల్ల అరికాళ్ళు పొక్కినాయి. జయరామయ్య భార్య మాలకొండమ్మ ఆముదం కాచి పంపింది. "మీ మోకాలు పోయిందని ఆ పిల్ల పాదాలు గూడా తీస్తారా," అని మొగుణ్ణి అడిగింది కూడా.

నెల తిరిగేసరికి అడుగులు చురుకైనాయి గానీ అసలు జబ్బు పోలేదు. ఒకరోజు జయరామయ్య బంతి విసరకుండా చెయ్యి ఎత్తి అట్లాగే ఆగినాడు. గుండ్రంలోంచి మూడు ముద్రలు కుడివైపు పోయి పడినాయి.

"బంతి ఇంకా నా చేతిలోనే ఉంది పాపా. నువ్వు అప్పుడే పోయినావు."

ప్రేమలీల ముద్రలు చూసి తల దించుకుంది. "అటే వేస్తారనుకున్నా మాష్టారూ."

"ఎందుకనుకున్నావు?"

"తెలీదు. ఏదో ఒకటి అనుకోకపోతే భయమేస్తది. చేతులు ఎత్తేవాళ్ళని చూస్తే ముందే ఎటో ఒకటి పోవాలనిపిస్తది."

ముద్రలు పడకుండా చెయ్యడం ఎట్లాగో జయరామయ్యకి తెలియదు. తన మోకాలు పోయిందీ ఇట్లా ముందే పోయినందుకేనని మాత్రం తెలుసు. నేల గట్టి చేసి చూసినాడు, ముద్రలు పడినాయి. నీళ్ళు చల్లకుండా దుమ్ములో ఆడించినాడు, ఇంకా బాగా పడినాయి. చివరికి ఒక ఆదివారం ప్రార్థన అయినాక ఆ పిల్లనీ క్రీస్తుదాసునీ వెంటబెట్టుకుని మూడు మైళ్ళ దూరంలో ఉన్న సముద్రానికి పోయినాడు. తడి ఇసకలో ముద్ర పడినా అల వచ్చి తుడిచేస్తుంది, ఎవరికీ కనపడదు, అట్లా ఆడితే పిల్లకి కాస్త ధైర్యం వస్తుందని ఆయన ఆలోచన.

గట్టున అంకాలమ్మ వలలు ఆరబెడుతూ ఉంది. రోజూ కాలనీకి చేపలు తెచ్చే మనిషే. వాళ్ళు నీళ్ళ అంచున గుండ్రం గీసి బంతులు విసురుకోవడం కాసేపు చూసి, చీర చెంగు దోపుకుని దగ్గరకొచ్చింది.

"ఏం చేస్తా ఉండారు అబ్బయ్యా?"

"పిల్లకి అడుగులు నేర్పుతా ఉండా," అన్నాడు జయరామయ్య.

"నీళ్ళల్లో మడమ ఆనిస్తా ఉందే," అన్నది అంకాలమ్మ. ప్రేమలీల చెయ్యి పట్టుకుని చీలమండ లోతు నీళ్ళలోకి తీసుకుపోయింది. "నిలబడు. ఇప్పుడు అల వెనక్కి పోద్ది. చూసినావా, మడమ కింద ఇసక ఎట్లా లాగేసిందో. మునివేళ్ళ మీద తేలిగ్గా ఉండు. అప్పుడు నీ కింద ఏం లాగినా నువ్వు పడవు."

ప్రేమలీల మునివేళ్ళ మీద నిలబడింది. తర్వాతి అల వస్తుంటే ఆమె ముందు ఇసకలో ముద్రలు ఎడమవైపు పడినాయి. అల కుడి నుంచి వచ్చి కొట్టింది. ఆమె తూలింది.

"అల యాడ నుంచి కొట్టేదీ అది వచ్చినాక గదా తెలిసేది," అన్నది అంకాలమ్మ నెమ్మదిగా. "ముందే తెలిసినట్టు పోతావేంది? మేము నలభై ఏళ్ళుగా దీంట్లో దిగతా ఉండాము. మాకే తెలవదు. ఊరికే నిలబడు. నీకు తెలవదని నీకు తెలిస్తే చాలు."

ఆ పగలంతా ప్రేమలీల నీళ్ళలోనే ఉంది. మొదట్లో ముద్రలు అటూ ఇటూ పడుతూనే ఉన్నాయి, అలలు తుడుస్తూనే ఉన్నాయి. పొద్దు వాలే వేళకి, ఒక పెద్ద అల లేస్తూ ఉంటే, ఆమె కళ్ళు దాని మీదే ఉన్నాయి గానీ ముందున్న ఇసకలో ఏమీ పడలేదు. నున్నగా ఉండిపోయింది. అల విరిగి ఇటు తిరిగినాక, అప్పుడు ఒక్క ముద్ర పడింది, ఆ వెంటనే ఆమె కాలు అందులో పడింది. గట్టు మీద కూర్చున్న క్రీస్తుదాసు జేబులోంచి చుట్ట తీసి, వెలిగించడం మర్చిపోయి, చేతిలోనే పట్టుకున్నాడు.

తర్వాత రెండు నెలలు జయరామయ్య ఒకటే నేర్పినాడు. అవతలివాళ్ళ బ్యాటు ముందుకి కదిలే క్షణంలో మునివేళ్ళ మీద చిన్నగా ఎగరాలి, కోడిపుంజు రెక్క దులిపినంత. ఎటూ పోగూడదు. బంతి బ్యాటు వదిలినాక పోవాలి. వినడానికి ఇంతే. దానికి ప్రేమలీల ఎన్ని వందలసార్లు గుండ్రంలో ఎగిరిందో లెక్కలేదు. బంతి రాకముందే ముద్ర పడిన ప్రతిసారీ జయరామయ్య బంతిని జేబులో వేసుకునేవాడు. రాను రాను జేబు ఖాళీగా ఉండడం మొదలైంది.

డిసెంబరులో నెల్లూరులో మద్రాసు నుంచి వచ్చిన జట్టుతో ఆట. వాళ్ళకి ప్రేమలీల సంగతి ఎవరో చెప్పే ఉన్నారు. ముందు వరసలో పొడుగాటి పిల్ల బ్యాటు ఎత్తినప్పుడల్లా నేల చూసేది. గుండ్రం గీయని ఆ కోర్టు మధ్యలో ప్రేమలీల ముందు మట్టి వట్టిగా ఉండేది. నేల చూసి చూసి ఆ పిల్ల బంతి చూడ్డం మర్చిపోయేది. రెండుసార్లు నెట్టుకి కొట్టింది, ఒకసారి చేతులు మార్చుకోబోయి బ్యాటు జారవిడిచింది. మూడో ఆట ఇరవై తొమ్మిది, ఇరవై ఏడుతో ఉప్పలగుంట గెలిచింది. పక్కన కుర్చీల్లో కూర్చున్న రైల్వే పెద్దమనుషులు కాగితాల మీద ఏదో రాసుకున్నారు.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. కుమారి సి. ప్రేమలీలని ఉప్పలగుంట షెడ్డులో టైమ్ కీపర్ గుమాస్తాగా తీసుకున్నారని, వెంటనే చేరాలని. ఎలిశబెతు ఆ ఉత్తరాన్ని బైబిలులో పెట్టింది.

సంతోషం వారం రోజులే. షెడ్డు ఫోర్‌మన్ పద్మనాభయ్య గారు మర్యాదస్తుడు, ఎవరినీ పరుషంగా ఒక్క మాట అనని మనిషి. ఆయన జయరామయ్యని ఆఫీసు గదికి పిలిపించినారు.

"జయరామయ్యా, ఈ షెడ్డు కట్టి ముప్పై ఏళ్ళయింది. ఒక ఆడమనిషి లోపల పనిచేసిన దాఖలా లేదు. యాభై మంది మగవాళ్ళు, మసి, బూతులు. రేపు ఏదన్నా జరిగితే క్రీస్తుదాసు మొహం నేనెట్లా చూసేది? ఇక్కడ వీలుకాదని పైకి రాస్తాను. మద్రాసు ఆఫీసులో వేస్తారు. అక్కడ ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. ఆ పిల్ల ఇష్టపడి పోతే అందరికీ మంచిది. నువ్వు చెప్తే వింటుంది."

జయరామయ్య సాయంత్రం కోర్టుకి పోకుండా క్రీస్తుదాసు ఇంటికి పోయినాడు. దారి పొడుగునా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చేసినాడు. ఫోర్‌మన్ గారు ఒప్పుకోరు. ఒప్పుకోనప్పుడు అడిగి మాట పోగొట్టుకోవడం ఎందుకు. మద్రాసులో హాస్టలు ఉంది. క్రీస్తుదాసూ ఎలిశబెతూ కావలిలో ఒక గది అద్దెకి తీసుకోవచ్చు.

ఇదంతా ప్రేమలీలకి చెప్పినాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. ఎలిశబెతు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చూపు వంటింటి గోడ మీద ఉంది, పొయ్యి పొగకి నల్లబడ్డ ఆ గోడ మీద.

"ఫోర్‌మన్ గారు నాతో ఏమన్నా అన్నారా మాష్టారూ?" అని అడిగింది ప్రేమలీల.

"నీతో ఎందుకంటారు? నాతో అన్నారు గదా."

"అయితే నాతో అననియ్యండి. రేపు పొద్దున వస్తాను షెడ్డుకి."

"వచ్చి ఏం చేస్తావు?"

"తెలీదు," అన్నది ఆమె చాట పక్కన పెట్టి. "ముందే ఎట్లా తెలుస్తది?"

మరునాడు ఎనిమిదింటికి ప్రేమలీల తెల్ల చీర కట్టుకుని ఉత్తరం చేత్తో పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర బొగ్గు దుమ్ములో ఆమె ముద్రలు పడగానే బొగ్గు తొట్టి తోసేవాళ్ళు తొట్టి ఆపినారు. జయరామయ్య ఆమెని ఆఫీసు గదిదాకా తీసుకుపోయి, గుమ్మం పక్కన లోపలి గోడకి ఆనుకుని నిలబడినాడు. ఆమె గుమ్మం దాటి ఆగింది. గదినిండా సన్నటి బొగ్గు పొడి, ఊడ్చిన గంటకే మళ్ళీ పేరుకునేది.

పద్మనాభయ్య గారు కళ్ళద్దాలు తీసి, చూసి, పెట్టుకున్నారు. "రామ్మా. మీ మాష్టారు చెప్పినాడు గదా?"

"చెప్పినారండి. తమరి నోట వినాలని వచ్చినాను."

"ఇక్కడ ఆడవాళ్ళకి వేరే గది లేదమ్మా."

ఆ మాట అని ఆయన నేల వైపు చూసినారు. ప్రేమలీల సంగతి ఊరందరి లాగే ఆయనకీ తెలుసు. ముద్రలు గుమ్మం వైపు తిరగడం కోసం చూస్తా ఉన్నారని జయరామయ్యకి అర్థమైంది. తిరిగితే సగం పని అయిపోయినట్టే, అభ్యర్థికే ఇష్టం లేదని రాసుకోవచ్చు. ముద్రలు పడలేదు.

"మా క్వార్టరు గేటుకి ఎదురేనండి," అన్నది ప్రేమలీల.

"రాత్రి డ్యూటీలు వస్తాయి."

నేల అట్లాగే ఉంది. ఆమె చేతులు ముందుకి కట్టుకుని నిలబడింది. చీర కుచ్చిళ్ళ కింద మడమలు వెంట్రుకవాసి పైకి లేచి ఉన్నాయి.

"పనివాళ్ళ నోళ్ళు మంచివి కావు. మీ నాయన పేరు చెడుతుంది."

మూడో మాట ఆమెకి గట్టిగా తగిలిందని జయరామయ్యకి తెలిసింది. ఇంక తిరుగుతాయి అనుకున్నాడు ఆయన. ముందున్న దుమ్ములో గీత కూడా పడలేదు. హెడ్ గుమాస్తా రమణయ్య కలం ఆపి చూస్తా ఉన్నాడు. కిటికీ అవతల నలుగురు ఫిట్టర్లు పానాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

పద్మనాభయ్య గారు కుర్చీలో వెనక్కి వాలినారు. ఆయన చెప్పదలుచుకున్నవి అయిపోయినాయి.

"అయితే ఏం చెయ్యమంటావమ్మా?" అని అడిగినారు, నిజంగానే అడిగినట్టు.

అప్పుడు పడింది మొదటి ముద్ర. దాని ముందు రెండోది, మూడోది. ఎప్పుడూ మూడుతో ఆగేవి, ఆరోజు ఆగలేదు. ఫోర్‌మన్ గారి బల్ల పక్కగా నాలుగు, బీరువా చుట్టూ తిరిగి రెండు. ఏడాదిగా ఖాళీగా ఉన్న టైమ్ కీపర్ బల్ల కిందికి పోయి, రెండు ముద్రలు పక్కపక్కన, వేళ్ళు గోడ వైపు పెట్టి, కుర్చీలో మనిషి కూర్చున్నట్టుగా నిలిచినాయి. ప్రేమలీల ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

పద్మనాభయ్య గారు బల్ల కింది ముద్రల్ని చాలాసేపు చూసినారు. రమణయ్య లేచి, ఆ బల్ల మీద పెట్టుకున్న తన అన్నం క్యారియరు తీసి తన దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కడ కిటికీ లేదమ్మా," అన్నారు ఫోర్‌మన్ గారు. "ఎండాకాలం ఉడికిపోతావు."

"ఫర్వాలేదండి."

ఆయన చెయ్యి చాపి ఉత్తరం తీసుకున్నారు. పైకి పంపడానికి రాసి పెట్టుకున్న కాగితాన్ని మడిచి సొరుగులో వేసి, ఇంకో కాగితం తీసి, తేదీ వేసినారు. కిటికీ దగ్గరి ఫిట్టర్లు పనిలోకి పోయినారు. ప్రేమలీల బీరువా చుట్టూ తిరిగి పోయి, ఒక్కో ముద్రలో కాలు పెట్టుకుంటూ, కుర్చీలో కూర్చుంది.

జయరామయ్య పోదామని కదలబోయి తన కాళ్ళు చూసుకున్నాడు. అవి అప్పటికే బయటికి, గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. ఎప్పుడు తిరిగినాయో ఆయనకి తెలియదు, ఫోర్‌మన్ గారు మొదటి మాట అన్నప్పుడే తిరిగి ఉంటాయి. వంగని ఆ కాలిని చేత్తో పట్టుకుని గది వైపు తిప్పుకున్నాడు.